రెండు పొడుగు, ఒక పొట్టి

మోటారు సైకిలు నడపకూడని ఊళ్ళో కాపురం ఉంటూ మోటారు సైకిలు కొన్నవాణ్ణి నేను. ఈ కథ ఎవరికి చెప్పబోయినా మా ఆవిడ మొదటి వాక్యం దగ్గరే అడ్డుపడుతుంది. "ఇక్కడితోనే మనిషి సంగతి తెలిసిపోయింది కదా, మిగతాది దేనికి?" అంటుంది. మిగతాది కూడా తనకే అనుకూలంగా ఉంటుందని తెలిసే అంటుంది. అయినా ఒప్పుకోలు మొదలుపెట్టాక సగంలో ఆపకూడదు.

యాంగోన్ నగరంలో మోటారు సైకిళ్ళు 2003 నుంచి నిషిద్ధం. ఎందుకని అడిగితే టీకొట్టుకో కథ చెబుతారు. ఒక కొట్టులో, ఎవడో కుర్రాడు పెద్ద సైనికాధికారి కారుకు అడ్డం దూరాడట. ఇంకో కొట్టులో, అదే కుర్రాడు ఆ కారు వైపు వేలు చూపించాడట. కుర్రాడు మారడు, నేరం మారుతూ ఉంటుంది. మొత్తానికి నది ఇవతల బండి కనిపిస్తే పట్టుకుపోతారు. నది అవతల బండి లేకపోతే రోజు గడవదు. దలా రేవులో దిగితే ముందుగా పలకరించేది మోటారు సైకిలు టాక్సీవాళ్ళే. మా చిమిండైంగ్ పేట ఈ రెండు లోకాల మధ్య గట్టు మీద ఉంది. రైలు స్టేషను, రాత్రి బజారు, మా అద్దె ఇల్లు ఇవతల. మా బావమరిది బెండతోట, మా అత్తగారు, నా బండి అవతల. మధ్యలో నది, నది మీద పడవ, ఆదివారం పూట ఆ పడవలో స్పానర్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని నేను.

మా వంశంలో చప్పుడు చేసినవాళ్ళు లేరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం, అంటే ఈ యాంగోన్, వచ్చి రిక్షా లాగాడు. ఆ రోజుల్లో ఇక్కడ రిక్షాలు లాగేవాళ్ళూ రేవులో మూటలు మోసేవాళ్ళూ చాలావరకు మనవాళ్ళే. కోరింగ రేవు పేరు పెట్టి మమ్మల్ని కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె కాస్తా తెలుగువాళ్ళ మీద దాడులుగా మారినప్పుడు, మా తాత ఒక బర్మా ముసలమ్మ ఇంట్లో మంచం కింద రెండు రోజులు దగ్గకుండా పడుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. దగ్గకుండా పడుకోవడమే మా ఇంటి వేదాంతం. 1942లో జపానువాళ్ళు రాగానే లక్షలమంది కొండలెక్కి నడుచుకుంటూ ఇండియా పోయారు. 1964లో దుకాణాలు సర్కారు పరం చేశాక మా పెదనాన్న కుటుంబం ఓడెక్కి విశాఖపట్నం బర్మా క్యాంపులో తేలింది. మా తాత మాత్రం కదల్లేదు, దగ్గలేదు. అలా మూడు తరాలు నోరు మూసుకుని కూడబెట్టిన పరువును నేను ఒక్క సైలెన్సరుతో పేల్చేశాను.

బండి హోండా వేవ్, 125 సీసీ, థాయ్‌లాండ్‌లో తయారైంది. దానిదేమీ తప్పు లేదని ముందే రాసిస్తున్నాను. సెకండు హ్యాండులో కొన్నా పిల్లిలా వెళ్ళేది. అదే నాకు నచ్చలేదు. బెండతోట గట్టు మీద వెళుతుంటే బాతులు కూడా తల తిప్పి చూసేవి కావు. యాభై దాటిన మనిషిని బాతులు కూడా లెక్క చెయ్యకపోతే మనసుకు కష్టంగా ఉండదా? అందుకని ఒక కుర్రాడి దగ్గర రేసు బండ్లకు పెట్టే గొట్టం కొన్నాను. సైలెన్సరు అంటే బండి నోరు మూయించేది. నేను కొన్నది నోరు తెరిపించేది.

పాతది విప్పడానికి ఇరవై నిమిషాలు, కొత్తది బిగించడానికి మూడు గంటలు పట్టింది. ఇంజనుకూ పొగగొట్టానికీ మధ్య ఒక రింగు ఉంటుంది, మెకానిక్కులు ప్యాకింగు అంటారు. ఒకసారి బిగిస్తే నలిగి ఆ గొట్టం అంచుకు సరిపోయేలా అణుగుతుంది. విప్పితే కొత్తది వెయ్యాలి. టీ, సమోసా ఖర్చులో వచ్చే వస్తువు. కానీ దానికోసం మళ్ళీ నది దాటాలి కదా అని, పాతదాన్నే లుంగీ అంచుతో తుడిచి పెట్టేశాను. ఈ వాక్యాన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం అప్పుడే మర్చిపోయాను.

మొదటి ఆదివారం బ్రహ్మాండంగా ఉంది. బాతులు చూశాయి. రెండో ఆదివారం యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా వెనక నుంచి ఠప్, ఠప్, ఠపఠప. మూడో ఆదివారానికి మీటరు దగ్గర పసుప్పచ్చ దీపం ఒకటి మినుకుమనడం మొదలైంది. "చిమిండైంగ్ ఇలాంటి చప్పుళ్ళు ముందు రెండుసార్లే విన్నాది బావా" అన్నాడు మా బావమరిది. 1824లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడి కర్రకోట మీద పేల్చిన ఫిరంగులు ఒకటి, 1941 డిసెంబరులో జపానువాళ్ళు వేసిన బాంబులు రెండోది. మూడోది నువ్వు అని నోటితో అనలేదు.

నా పద్ధతి మీకు చెప్పాలి. ఏదైనా చెడిపోతే నేను నా చేతుల నుంచి వీలైనంత దూరంలో కారణం వెతుకుతాను. అన్నం మాడితే బియ్యం మిల్లును అంటాను. కాబట్టి ముందు పెట్రోలును అనుమానించాను. అవతలి ఒడ్డున బడ్డీకొట్ల ముందు నీళ్ళసీసాల్లో పెట్రోలు పోసి అమ్ముతారు. వానాకాలం. సీసాలో నీళ్ళు చేరి ఉంటాయి, నీళ్ళు కలిస్తే ఇంజను తుమ్ముతుంది, ఇంతవరకు శాస్త్రం నా పక్షానే ఉంది. ట్యాంకులోది పట్టి, ఇంటికి తెచ్చి, నీళ్ళు అడుక్కి దిగుతాయేమో చూద్దామని దగ్గరలో ఉన్న స్టీలు గిన్నెలోకి వంపాను. మూడున్నర లీటర్ల పెట్రోలు. నీళ్ళు చుక్క లేదు. గిన్నె కడిగాను. రెండుసార్లు కడిగాను.

ఆ గిన్నె మా ఆవిడ పిండి కలిపే గిన్నె అని కడిగాక గుర్తొచ్చింది.

మా ఆవిడ సాయంత్రాలు రాత్రి బజారు పక్కన దోసెలు వేస్తుంది. బర్మావాళ్ళు వాటిని తోషే అంటారు. మినప్పప్పుకు ఇక్కడ కొదవ లేదు. మీరు ఇండియాలో దిగుమతి చేసుకునే మినుముల్లో చాలా భాగం మా దేశం నుంచే వస్తుంది. ఆ మంగళవారం మొదటి దోసె తిన్న ఒక పెద్దాయన ఆగి, వాసన చూసి, "తొంభై రెండా, తొంభై అయిదా?" అని అడిగాడు. ఇక్కడ పెట్రోలు బంకుల్లో ఆ రెండు రకాలు దొరుకుతాయి. మా ఆవిడ పెనం దించి నా వైపు చూసిన చూపు గురించి నేనేమీ రాయను.

తర్వాత అనుమానం దీపం మీదికి పోయింది. పాత బళ్ళలో కార్బొరేటరు ఉండేది. స్క్రూడ్రైవరు, చెవి, కాస్త అనుభవం ఉంటే చాలు. ఇప్పుడు ఆ పని చిన్న కంప్యూటరు చేస్తుంది. పెట్రోలు పంపు మూడు కిలోల ఒత్తిడితో తోస్తుంటే, ఇంజెక్టరు సెకనులో కొన్ని వెయ్యోవంతుల పాటు నోరు తెరిచి మూసుకుంటుంది. ఎంతసేపు తెరవాలో కంప్యూటరు లెక్కకడుతుంది. గాలి ఒత్తిడి ఎంత, వేడి ఎంత, యాక్సిలరేటరు ఎంత తిప్పారు అని తలా ఒక సెన్సారు దానికి చెబుతుంది. మా ఆవిడ పిండికి ఒకటికి మూడు పాళ్ళ బియ్యం. ఇంజనుకు తూకంలో ఒకటికి 14.7 పాళ్ళ గాలి. ఇవన్నీ అయ్యాక పొగదారిలో ఇంకో సెన్సారు కూర్చుని ఉంటుంది, ఆక్సిజన్ సెన్సారు. అందరూ తిని లేచాక వంట గురించి వ్యాఖ్యానించే అత్తగారు అది. పెట్రోలు ఎక్కువైంది, తక్కువైంది అని పొగ రుచి చూసి చెబుతుంటే, కంప్యూటరు కోడలు మరుసటి వాయి సర్దుకుంటూ ఉంటుంది. కార్లలో ఎప్పటినుంచో ఉన్న ఇంజెక్టరు ఏర్పాటు మోటారు సైకిలుకు వచ్చింది 1980లో, కవాసకీ జెడ్ వెయ్యితో. ఇండియాలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధన వచ్చాక చిన్న బళ్ళకు కూడా వచ్చేసింది.

ఈ కంప్యూటరుకు ఏదైనా తేడాగా కనిపిస్తే దీపంతో చెబుతుంది. హోండా పద్ధతిలో పొడుగు మినుకు ఒకటి పదితో సమానం, పొట్టి మినుకు ఒకటితో సమానం. పొడుగు ఒకటి, పొట్టి రెండు వస్తే పన్నెండు, అంటే ఇంజెక్టరు. పొడుగు రెండు, పొట్టి ఒకటి వస్తే ఇరవై ఒకటి, అంటే ఆక్సిజన్ సెన్సారు. ఇదంతా నేను ముందే చదివి పెట్టుకున్నాను. కీ ఆన్ చేసి, చూసి, బాల్ పెన్నుతో అరచేతిలో రాసుకున్నాను. తొందరగా మినుకుతోంది కాబట్టి పొడి అక్షరాల్లో రాసుకున్నాను: పొ 2, పొ 1.

పడవెక్కి ఇవతలికి వచ్చేసరికి, పొట్టి కూడా 'పొ' అనీ పొడుగు కూడా 'పొ' అనీ నాకు తట్టింది. నది మధ్యలో చాలాసేపు అరచెయ్యి చూసుకున్నాను. పడవవాడు నాకు జాతకాల పిచ్చి ఉందనుకున్నాడు. చివరికి పొట్టి రెండు, పొడుగు ఒకటి అని తీర్మానించాను. పన్నెండు. ఇంజెక్టరు. ఎందుకలా తీర్మానించావని మా ఆవిడ తర్వాత అడిగింది. ఇంజెక్టరు ఖరీదైన వస్తువు కాబట్టి దాని తప్పే అయి ఉంటుందనిపించింది, అంతకుమించి కారణం లేదు.

ఇంజెక్టరు కొన్నాను. ఆ డబ్బుకు ఎన్ని బస్తాల మినుములు వస్తాయో మా ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. ఒక చెయ్యి చాలలేదు. కొత్త ఇంజెక్టరు పెట్టాను. ఠప్.

ఇంక పరువు పక్కన పెట్టి బర్మా క్యాంపులో ఉన్న తమ్ముడికి ఫోను చేశాను. పెదనాన్న కొడుకు, పాత బుల్లెట్టు ఉంది, మోటారు సైకిళ్ళ విషయంలో మా వంశానికి అతనే పెద్దదిక్కు. వీడియోలో చప్పుడు విని కళ్ళు మూసుకుని, "కార్బొరేటరు విప్పు అన్నయ్యా" అన్నాడు. కార్బొరేటరు లేదురా అన్నాను. "లేకపోతే ముందు అది పెట్టించు" అన్నాడు. తర్వాత ఆంధ్రాలో పోలీసులు ఇలాంటి గొట్టాలను రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియో పంపించాడు. దాని కింద ఏమీ రాయలేదు.

ఆ తర్వాత నేను చేసినది అసలైన పాపం. కంప్యూటరుకూ ఇంజెక్టరుకూ మధ్య తగిలించే ఒక డబ్బా దొరుకుతుంది. దాని మీద ఉన్న మరను కుడివైపు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. రేసులవాళ్ళు కొలిచి, పొగను పరీక్షించి, మళ్ళీ కొలిచి వాడే వస్తువు. పెట్రోలు తక్కువై బండి పేలుతోందని నా సిద్ధాంతం కాబట్టి నేను కొలవకుండా కుడివైపు తిప్పాను. కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఇంకొంచెం తిప్పాను. స్పార్క్ ప్లగ్గు మసిబొగ్గులా అయింది. లీటరుకు వచ్చే దూరం సగానికి పడిపోయింది. కాలకుండా మిగిలిన పెట్రోలంతా గొట్టంలోకి వెళ్ళి కాచుక్కూర్చుంది.

అది టీకొట్టు ముందు పేలింది. ఠప్ కాదు, ఢాం. చీకటిపడే వేళ, కరెంటు లేదు. కొట్టులో చెంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఒకాయన బల్ల కిందికి వంగాడు. ఒక తల్లి పిల్లాడి తలను ఒళ్ళోకి లాక్కుంది. ఎదురింటివాళ్ళు తలుపు మూసి గడియ పెట్టారు. 2021లో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత ఈ ఊళ్ళో చప్పుడు విన్నవాడు అది బండో కాదో చూడ్డానికి బయటికి రాడు. నేను బండి ఆపి, చేతులు కనిపించేలా పైకెత్తి, బండేనండీ, నా బండేనండీ అని చెప్పుకుంటూ నిలబడ్డాను. కొట్టు యజమాని కాసేపయ్యాక వచ్చి, ఏమీ అనకుండా నాకు ఒక టీ ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

బండి తోసుకుంటూ బావమరిది ఇంటికి వెళ్ళాను. మంచం కింద దగ్గకుండా పడుకున్న తాత ఆ దారంతా గుర్తొచ్చాడు.

మర్నాడు మా ఆవిడ దోసెల బండి మూసేసి, నాతోపాటు పడవెక్కింది. మా పెళ్ళయ్యాక ఆవిడ నా బండిని చూడ్డానికి రావడం అదే మొదటిసారి. ఒక చేతిలో టిఫిను క్యారియరు, ఇంకో చేతిలో సబ్బునీళ్ళ సీసా. సబ్బునీళ్ళు ఎందుకని అడగలేదు. గిన్నె వ్యవహారం తర్వాత నాకు ప్రశ్నలడిగే హక్కు పోయింది.

"ఎప్పుడు పేల్తాది?" అంది.

"యాక్సిలరేటరు వదిలినప్పుడు."

"అంటే మంట తగ్గించినప్పుడు. మరి నా పొయ్యి అంతే కదా. గ్యాసు తక్కువై గాలి ఎక్కువైతే ఆపేటప్పుడు ఠప్పంటాది. గాలి ఎక్కణ్ణుంచి వస్తందో సూసుకోవాలి గానీ గ్యాసు పెంచుకుంటా పోతే ఇల్లు అంటుకుపోద్ది."

పదిహేను రోజులు నేను చదివినదంతా ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. కొంగు దోపుకుని బండి పక్కన కూర్చుంది. నేను కంప్యూటరు ఉన్న చోటు చూపించబోయాను. ఆవిడ ఇంజను కింద, పొగగొట్టం అతికే చోట వేలు పెట్టింది. ఆ అతుకు చుట్టూ అల్యూమినియం మీద నల్లగా, కాటుక పెట్టినట్టు, మసి చార.

"ఇదేటి?"

"మసి."

"మసి ఉన్నకాడ పొగ వస్తన్నట్టు. పొగ బయటికి వస్తే గాలి లోపలికి పోదా?"

పోతుంది. అదే జరుగుతోంది. పొగ గొట్టంలో తెరలు తెరలుగా వెళుతుంది. ఒక తెర దూసుకుపోయాక వెనక కాస్త వెలితి ఏర్పడుతుంది. యాక్సిలరేటరు మూసినప్పుడు ఆ వెలితి నా లుంగీతో తుడిచిన ప్యాకింగు సందులోంచి బయటిగాలిని పీలుస్తుంది. లోపల సరిగ్గా కాలని పెట్రోలు వేడిగా ఉంటుంది, దానికి గాలి దొరుకుతుంది, పేలుతుంది. గొట్టంలో అడ్డేమీ లేదు కాబట్టి ఆ చప్పుడు నది దాటుతుంది. ఇదంతా నేను ఆవిడకు వివరించాను. "నేను చెప్పిందే నాకు చెప్తన్నారు" అంది.

చల్లటి ఇంజను మీద, వెనక గొట్టం మూతిని తడిగుడ్డతో సగం మూసి, స్టార్టు చేయించి, అతుకు మీద సబ్బునీళ్ళు పోసింది. సిలిండరు మార్చినప్పుడు గ్యాసు ట్యూబుకు చేసే పరీక్షే. బుడగలు బుడబుడా లేచాయి. మా అత్తగారు అరుగు మీద కూర్చుని, "మా అల్లుడు బండికి కూడా నురగ పెట్టి తలంటుతున్నాడే" అంది.

దీపం సంగతి మిగిలింది. మా బావమరిది కొడుక్కి తొమ్మిదేళ్ళు. వాణ్ణి ముందు కూర్చోబెట్టి కీ ఆన్ చేశాను. వాడు ఎక్కాలు చెప్పినట్టు పైకే చెప్పాడు: "పొడూగు, పొడూగు, పొట్టి. పొడూగు, పొడూగు, పొట్టి. మావయ్యా, ఇరవై ఒకటి."

ఆక్సిజన్ సెన్సారు. దానికి ఒకే ఒక వైరు, ఆ వైరుకు ఒక చిన్న టోపీ. సైలెన్సరు విప్పేటప్పుడు నా మోచెయ్యి తగిలి ఊడినట్టుంది. పైకి పెట్టినట్టే కనబడుతూ గాలిలో కూర్చుని ఉంది. అత్తగారి నోరు నొక్కేసి కోడలికి వంట చేతకాదన్నట్టయింది నా పని. వాడే వేలితో నొక్కాడు. టక్‌మంది. దీపం ఆరిపోయింది. తీసేసిన పాత ఇంజెక్టరు నిక్షేపంలాంటిది. ఇప్పుడు నా దగ్గర రెండు ఉన్నాయి.

"అరచేతిలో ఏటి రాసుకున్నారన్నారు?" అంది మా ఆవిడ.

చెప్పాను.

బావమరిది కొడుకు ఆ తర్వాత చాలాసేపు పెరట్లో "పొ రెండు, పొ ఒకటి" అని పాడుకుంటూ బాతుల వెంట తిరిగాడు. ఇప్పటికీ నేను పడవ దిగగానే వాడు నన్ను అలాగే పిలుస్తాడు.

కొత్త ప్యాకింగు వేశాం. డబ్బా పీకేశాం. పాత సైలెన్సరు ఎక్కడుందో వెతికితే, మా బావమరిది దాన్ని పందిరి గుంజకు ఆసరాగా నిలబెట్టాడు, దాని మీదికి సొరతీగ పాకింది. తీగను విడదియ్యడానికి పడినంత తిప్పలు ఇంజెక్టరు విప్పడానికి కూడా పడలేదు. బిగించి, స్టార్టు చేశాను. పిల్లి. గట్టు మీద రెండుసార్లు తిరిగాను. ఒక్క బాతూ తల ఎత్తలేదు. టీకొట్టు ముందు ఆగి, ఈసారి టీకి డబ్బులిచ్చాను. ఆయన తీసుకున్నాడు.

సాయంత్రం ఇవతలికి వచ్చేశాం. రాత్రి బజారులో కరెంటు అప్పుడే వచ్చింది. ఆఖరి దోసె తీసి మా ఆవిడ పొయ్యి ఆపింది. ఠప్ అంది పొయ్యి. పక్కకొట్టు అమ్మాయి ఉలిక్కిపడి, బుగ్గల మీది తనకా పూత పగిలేలా నవ్వింది.

"గాలి మర కొంచెం తిప్పాలి" అన్నాను, స్క్రూడ్రైవరు కోసం సంచీలో చెయ్యి పెడుతూ.

సంచీలో లేదు. అది అప్పటికే ఆవిడ నడుముకు దోపుకుని ఉంది.